మంచుకి వాలిపోయిన స్టారూ, మాడిన రిబ్బనూ: క్రిస్మస్ అలంకరణల మీద మీ ప్రశ్నలు

క్రిస్మస్‌కి ఇంట్లో చేత్తో చేసుకునే అలంకరణల గురించి ఏమైనా అడగాలనుంటే రాయండి అని పోయిన సంచికలో ఒక్క ముక్క వేశాను, అంతే, ఉత్తరాలు కుప్పపడ్డాయి. ఎక్కువ విజయవాడ, గుంటూరుల నుంచే. సగం మందిది ఒకటే గోల: నిరుడు చేశాం, పండగ లోపే పాడైపోయింది. అందుకని ఈసారి అందచందాల సంగతి తక్కువ, ఏది ఎందుకు చెడిపోతుందన్న సంగతి ఎక్కువ.

నిరుడు చార్టు కాగితంతో పెద్ద స్టార్ చేసి డాబా మీద కట్టాం. నాలుగో రోజు పొద్దున్నే చూస్తే కొసలన్నీ కిందికి వాలిపోయాయి, చుట్టూ అంటించిన ఎర్ర ముడతల కాగితం రంగు కారి గోడంతా చారలు. వాన కూడా పడలేదు. ఏం పొరపాటు చేశాం?
(ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు)

వాన పడలేదు గానీ మంచు పడింది కదమ్మా. డిసెంబరులో మన వైపు రాత్రి ఆరేసిన బట్టలు తెల్లారేసరికి మళ్లీ తడిగా ఉంటాయి, మర్చిపోయారా? చార్టు కాగితం ఆ తడంతా పీల్చుకుని మెత్తబడుతుంది, అసలే బరువు, ఇక తన బరువు తనే మోయలేక వంగుతుంది. ముడతల కాగితం రంగు నీళ్లు తగిలితే చాలు దిగిపోతుంది, చేత్తో తడిపి చూడండి, వేళ్లకి అంటుకుంటుంది. మీరు తెల్ల ఫెవికాల్ వాడి ఉంటే, అదీ నీళ్లతో కలిపి చేసిన జిగురే, ఎండాక గట్టిగానే ఉంటుంది కానీ రాత్రుళ్లు వరసగా తడిస్తే పట్టు వదిలేస్తుంది.

ఆరుబయట కట్టాలంటే గాలిపటం కాగితమో జెలటిన్ కాగితమో వాడి, లోపల వెదురు ఫ్రేము పెట్టండి, అది ఎలాగో కింద రాశాను. చార్టుతోనే చేస్తాం అంటే సన్‌షేడ్ కిందో వరండాలోనో కట్టుకోండి. లోపల పాత 60 వాట్ల బల్బు మాత్రం పెట్టకండి, అది చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, కాగితం దాన్ని ఆనుకుని ఉంటే ముందు గోధుమరంగుకి తిరుగుతుంది, ఆ తర్వాతది చెప్పక్కర్లేదు. 5 వాట్ల ఎల్‌ఈడీ చాలు. అదైనా కాగితానికి తగలకుండా, హోల్డరు వైరుకి అతుకులు లేకుండా చూసుకోండి, మంచులో అతుకు తడిస్తే షాక్ కొడుతుంది.

మా తాతయ్య నవంబరు నెలాఖరుకల్లా వెదురు బద్దలతో స్టార్ కట్టేవారు. ఇప్పుడాయన లేరు, కొలతలు ఎవరికీ గుర్తు లేవు. రెండుసార్లు ప్రయత్నించాను, నక్షత్రం వంకరగా వస్తోంది.
(ఒక పాఠకుడు, కొత్తపేట, గుంటూరు)

ఇన్ని ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే బాబూ, కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను.

వంకర ఎందుకొస్తుందంటే, బద్దలు ఒకదాన్నొకటి దాటే చోటుని కంటి అంచనాతో కడుతున్నారు. అక్కడ అంచనా పనికిరాదు, లెక్క ఉంది. 3 అడుగుల బద్ద, అంటే 36 అంగుళాలు తీసుకుంటే, ఒక కొస నుంచి 13.75 అంగుళాల దగ్గర ఒక గీత, రెండో కొస నుంచీ 13.75 దగ్గర ఇంకో గీత పెట్టండి. మధ్యలో 8.5 మిగులుతుంది. బద్దలన్నీ ఆ గీతల దగ్గరే ఒకదాన్నొకటి దాటాలి. 3 అడుగులు కాకుండా వేరే సైజు అయితే బద్ద పొడవుని 0.382తో గుణించండి, గీత ఎక్కడో వచ్చేస్తుంది. 2 అడుగుల బద్దకి 9.2 అంగుళాలు. బహుశా తాతయ్య గారు ఈ లెక్కలేమీ వెయ్యకుండా చేతి అలవాటుతో కట్టి ఉంటారు, మనకి ఆ అలవాటు లేదు కాబట్టి టేపు పట్టుకోవాలి.

మొత్తం పది బద్దలు కావాలి, అర అంగుళం వెడల్పుకి సన్నగా చీల్చినవి. కణుపుల దగ్గర చాకుతో గీకి నునుపు చెయ్యండి, లేకపోతే కాగితం చిరుగుతుంది, వేళ్లూ తెగుతాయి. ఐదు బద్దలతో, పెన్ను ఎత్తకుండా గీసే నక్షత్రం ఉంటుంది చూడండి, అలా నేల మీద పేర్చండి. పేర్చేటప్పుడు ఒకదాని మీద నుంచి, ఇంకోదాని కింద నుంచి వెళ్లేలా అల్లితే కట్టక ముందే సగం నిలబడుతుంది. కొసల దగ్గర, గీతల దగ్గర పురికొసతో బిగించి కట్టండి. ఇలాంటివే రెండు.

ఇప్పుడు ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసలు మాత్రమే కలిపి కట్టాలి. చాలామంది ఉత్సాహంగా మధ్యలో కూడా కట్టేస్తారు, అక్కడే పని చెడుతుంది, ఎందుకంటే మధ్యలో ఆ రెండూ విడిపోతేనే స్టార్‌కి పొట్ట వస్తుంది. 7 అంగుళాల చిన్న పుల్లలు ఐదు కోసి, వాటి రెండు చివర్లా చిన్న గాడి పెట్టి, లోపలి ఐదు మూలల్లో రెండు ఫ్రేముల మధ్య నిలబెట్టండి. ఒకటి పెట్టాక దాని పక్కది కాకుండా ఎదురుగా ఉన్న మూలకి వెళ్లండి, వరసగా పెట్టుకుంటూ పోతే ఫ్రేము ఒక పక్కకి లాగేస్తుంది.

కాగితం దగ్గర ఓపిక కావాలి. ఒక్కో కొమ్ముకి ముందొకటి, వెనకొకటి, పక్కలకి రెండు, వెరసి నాలుగు త్రికోణాలు. ఐదు కొమ్ములకి ఇరవై. ముందు వైపు నడిమికి ఒకటి, వెనక వైపు నడిమికి ఒకటి, ఐదు మూలల ముక్కలు రెండు. మొత్తం ఇరవై రెండు ముక్కలన్నమాట. ముందు, వెనక త్రికోణాలకి అడుగు 8.5 అంగుళాలు, పక్క త్రికోణాలకి 7. అన్నిటికీ మడిచి అంటించడానికి చుట్టూ అర అంగుళం వదలండి. పుల్లలు పెట్టాక బద్దలు కాస్త వంగుతాయి కాబట్టి కత్తిరించే ముందు కాగితాన్ని ఫ్రేము మీద ఒకసారి పెట్టి చూసుకుంటే మంచిది. కింది కొమ్ముల మధ్య ఒక పక్క త్రికోణం మాత్రం అంటించకుండా ఉంచండి, బల్బు పెట్టేదీ మార్చేదీ అందులోంచే.

ఫెల్ట్ కావాలని అడిగితే షాపులో ఒకరు ఫోమ్ షీటు ఇచ్చారు, ఇంకొకరు వెల్వెట్ చూపించారు. అసలు ఫెల్ట్ అంటే ఏంటి? దాంతో బొమ్మలు కుట్టాలంటే మిషను తప్పదా?
(ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ)

మామూలు గుడ్డని పడుగూ పేకా పెట్టి నేస్తారు, ఫెల్ట్‌ని నెయ్యరు. ఉన్ని పీచుని తడిపి, వేడి చేసి, నొక్కి నొక్కి అట్టలా చేస్తారు. ఇప్పుడు షాపుల్లో చవగ్గా దొరికేది ఉన్ని కాదు, ఎక్కువగా పాలిస్టరు పీచే. అందులో దారాలు ఉండవు కాబట్టి ఎక్కడ కత్తిరించినా అంచు పోగులు ఊడదు, మన పనికి కావాల్సిన గుణం అదే. గుర్తుపట్టడం తేలికే, అంచుని గోటితో గీరితే నూగులా పీచు లేస్తుంది. ఫోమ్ షీటు అయితే నొక్కి వదిలితే పొంగుతుంది, దానికి పీచు ఉండదు. వెల్వెట్ అయితే వెనక నేత కనిపిస్తుంది. మీరు బీసెంట్ రోడ్డు వైపో వన్‌టౌన్ వైపో వెళ్లినప్పుడు బట్టల షాపుల్లో కాకుండా లేసులూ పూసలూ అమ్మే వాళ్లని, స్టేషనరీ వాళ్లని అడగండి. గట్టిదీ మెత్తదీ రెండు రకాలుంటాయి. కత్తిరించి అలాగే వేలాడదీయడానికి గట్టిది, దూది కూరి కుట్టడానికి మెత్తది.

మిషను అక్కర్లేదు. 3 అంగుళాల నక్షత్రమో గంటో మామిడి పిందో (ఏం, మన చీర అంచు మీద ఉండేది క్రిస్మస్ చెట్టు మీద ఉంటే తప్పా?) సుద్దతో గీసి, రెండు ముక్కలు కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పెట్టి అంచు చుట్టూ కాజా కుట్టు వెయ్యండి. లోపలికి తిప్పే పని లేదు, కుట్టు బయటికి కనిపించడమే దానికి అందం. ఎంబ్రాయిడరీ దారం లచ్ఛలో ఆరు పోగులు కలిసి ఉంటాయి, అందులో రెండో మూడో విడదీసి వాడండి, ఆరూ ఎక్కిస్తే కుట్టు మొద్దుగా వస్తుంది. రెండు వేళ్లంత సందు ఉండగా ఆగి, పాత దిండులోంచి గుప్పెడు బూరుగు దూది తీసి కూరి, మిగతాది కుట్టెయ్యండి. బూరుగు దూది తేలిక, కాకపోతే ఫ్యాను కింద కూర్చుని తియ్యకండి, ఇల్లంతా ఎగురుతుంది.

రెండు జాగ్రత్తలు. పాలిస్టరు ఫెల్ట్ మీద వేడి ఇస్త్రీ పెట్టెకి కరిగి అతుక్కుంటుంది. రెండోది, త్వరగా అయిపోతుందని ఫెవిక్విక్ వెయ్యకండి. అది దూదికీ నూలుకీ తగిలితే ఒక్కసారిగా వేడి పుడుతుంది. నేను ఒకసారి దూది ఉండకి ఆ జిగురు పూసి చూపుడు వేలు బొబ్బలెక్కించుకున్నాను, వారం రోజులు సూది పట్టుకోలేకపోయాను.

శాటిన్ రిబ్బను కొసలు పోగులు పోతున్నాయి. కొవ్వొత్తి మీద కాలిస్తే నల్లగా మాడింది.
(ఒక పాఠకురాలు, పాత గుంటూరు)

మంట లోపల పెడితే మాడక ఏమవుతుంది? మంట పక్కకి, తగలకుండా తెచ్చి, ఒక్క క్షణం వేడి చూపించి తీసెయ్యాలి. అంచు కరిగి సన్నటి గీతలా గట్టిపడుతుంది. ఇది నైలాన్, పాలిస్టరు రిబ్బన్లకే, నూలు రిబ్బను కరగదు, అంటుకుంటుంది. ఏదో తెలియకపోతే చిన్న ముక్క కాల్చి చూడండి: కరిగి ఉండకట్టిందా, బూడిదైందా? బూడిదైతే కొసకి రంగు లేని గోళ్ల పాలిష్ రాసెయ్యండి. పిల్లల చేత మంట పని చేయించకండి.

రిబ్బనుతో ఏం చెయ్యాలని మీరు అడగలేదు గానీ చెప్తాను, ఎందుకంటే తేలిక. అర అంగుళం ఆకుపచ్చ రిబ్బను ఒక మీటరు తీసుకోండి. 4 అంగుళాల మడతలు రెండు, 3.5వి రెండు, అలా అర అంగుళం తగ్గించుకుంటూ 1.5 దాకా, జంతికల్లా అటూ ఇటూ మడుస్తూ పోవాలి. మొత్తం 33 అంగుళాలు పడుతుంది, మీటరులో కొంచెం మిగులుతుంది కూడా. ప్రతి మడత మధ్యలోంచి సూది గుచ్చి, మడతకీ మడతకీ మధ్య ఒక పూస ఎక్కిస్తే చిన్న క్రిస్మస్ చెట్టు తయారు. అడుగున మానుకి బదులు దాల్చిన చెక్క ముక్క కట్టండి, వాసన కూడా వస్తుంది.

సండే స్కూల్లో 6 నుంచి 10 ఏళ్ల పిల్లలు ముప్పై మంది ఉన్నారు. సెమీ క్రిస్మస్‌కి వాళ్ల చేతే ఏదైనా చేయించాలని పాస్టరు గారు అన్నారు. గంట టైము, ఆరు కత్తెరలు. నాకు ఇప్పటి నుంచే టెన్షన్.
(ఒక టీచరు, విజయవాడ)

టెన్షన్ ఎందుకు, కత్తెరలు అసలు బయటికి తియ్యకండి. ముందు రోజు రాత్రి ఇంట్లో ఇద్దరు కూర్చుని కత్తిరించేస్తే పిల్లలకి మడతా జిగురూ మాత్రమే మిగులుతాయి.

చిన్నవాళ్లకి కాగితం బంతి. రంగు కాగితం మీద గాజు పెట్టి గుండ్రాలు గీసుకోండి, ఒక్కో బంతికి ఎనిమిది. ఒక్కో గుండ్రాన్ని సగానికి మడిచి, ఒకదాని సగానికి రెండోదాని సగం అంటించుకుంటూ పోతే ఎనిమిదోది వచ్చేసరికి బంతి తిరిగి మొదటిదానికి వచ్చి కలుస్తుంది. కలిపేముందు మధ్యలో దారం పెట్టడం మర్చిపోతారు, అందరూ మర్చిపోతారు, కాబట్టి దారాలు మీ చేతిలోనే పెట్టుకుని, అది అడిగితే గానీ చివరి జిగురు ఇవ్వకండి.

పెద్దవాళ్లకి అల్లిక హృదయం. డెన్మార్క్‌లో ఇళ్లల్లో క్రిస్మస్‌కి చేస్తారు; తెలిసినంతలో బాగా పాతది 1860లో పిల్లల కథల రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ చేసినది. రెండు రంగుల్లో 6 సెం.మీ. వెడల్పు, 18 సెం.మీ. పొడవు ముక్కలు ఒక్కోటి తీసుకుని సగానికి మడవండి. మడత లేని వైపు గుండ్రంగా కత్తిరించండి. మడత వైపు నుంచి 2 సెం.మీ. ఎడంతో రెండు చీలికలు, ఒక్కోటి 6.3 సెం.మీ. పొడవు. చీలిక పొడవు కాగితం వెడల్పు కన్నా ఒక్క పిసరు ఎక్కువ ఉండాలి, తక్కువైతే చివరి అల్లిక పట్టదు, పిల్లలు లాగితే చిరుగుతుంది. అల్లేది చాపలా పైనా కిందా కాదు: ఒక పట్టీ ఎదుటి పట్టీ మడత లోపలికి దూరుతుంది, తర్వాతి పట్టీని తన లోపలికి దూర్చుకుంటుంది. లోపలికి, చుట్టూ, లోపలికి. అంతే. అయ్యాక చిన్న సంచిలా తెరుచుకుంటుంది, రెండు చాక్లెట్లు వెయ్యొచ్చు. ఆరేళ్ల వాళ్లకి ఇది ఇవ్వకండి, ఏడుస్తారు.

మెరుపుల పొడి సంగతి మీరు అడగలేదు, అడగకపోవడమే మంచిది. ఈస్టరు దాకా చర్చి చాపల్లో కనిపిస్తూనే ఉంటుంది.

నాలుగు కాగితం పట్టీలతో మడిచే జర్మన్ స్టార్ చేద్దామంటే చివర్లో పట్టీ పొట్టిదైపోతోంది.
(ఒక కాలేజీ విద్యార్థిని, గవర్నర్‌పేట, విజయవాడ)

పట్టీ వెడల్పు ఎక్కువైంది. దాన్ని ఫ్రోబెల్ స్టార్ అంటారు, కిండర్‌గార్టెన్ బడులు మొదలుపెట్టిన ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ పేరు మీద. వెడల్పుకి కనీసం 25 రెట్లు పొడవుండాలి, 30 అయితే హాయి. ఏ4 కాగితం పొడుగు వైపు 29.7 సెం.మీ. కాబట్టి 1 సెం.మీ. పట్టీలు కోసుకుంటే సరిపోతుంది. మామూలు 75, 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల బరువో చెప్పే అంకె) కాగితమే బాగుంటుంది, చార్టు అయితే మడతలు ఒకదాని కింద ఒకటి దూరవు. నాలుగు పట్టీలూ ఒకే వెడల్పు ఉండాలి, ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా మధ్యలో గడి వదులవుతుంది. స్కేలూ బ్లేడూ పెట్టి కొయ్యండి, కత్తెరతో కాదు.

ఇంటికి స్టార్ కట్టడం మన దగ్గర ఎప్పటి అలవాటు? అసలు ఎక్కడ పుట్టింది?
(ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు)

చాలా కొమ్ములున్న కాగితం స్టార్ జర్మనీలో నీస్కీ అనే ఊళ్లో, మొరావియన్ సంఘం (ఒక ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖ) వాళ్ల మగపిల్లల బడిలో, 1830లలో మొదలైంది. దేవుడి పాఠం కోసం కాదు, లెక్కల పాఠం కోసం, రేఖాగణితం అర్థం కావాలని పిల్లల చేత చేయించారు. తర్వాత ఆ దగ్గర్లోనే హెర్న్‌హుట్‌లో తయారయ్యే రకం ప్రసిద్ధమైంది, అందులో నాలుగు మూలల అడుగున్న కొమ్ములు 17, మూడు మూలలవి 8. మీది గుంటూరు కాబట్టి ఒక మాట: మీ ఊరికి 1842లో వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ పుట్టింది జర్మనీలోనే, అప్పటికి ఆ స్టార్ ఇంకా పసిదే. మన వీధుల్లో కనిపించే ఐదు కొమ్ముల వెదురు స్టార్ దీనికి నకలు కాదు, కట్టే పద్ధతే వేరు, పైన చూశారుగా.

కొనే ప్లాస్టిక్ చెట్టు వద్దనుకుంటున్నాం. సరుగుడు కొమ్మ తెస్తే అలంకరణలన్నీ వేలాడేసి వంగిపోయింది.
(ఒక పాఠకురాలు, మంగళగిరి)

సరుగుడు కొమ్మ చూడ్డానికి క్రిస్మస్ చెట్టులాగే ఉంటుంది గానీ దాని రెమ్మలు జడ పాయల్లాంటివి, గాజు బంతులు మొయ్యవు. కాగితం బంతులు, రిబ్బను చెట్లు కొసలకి, ఫెల్ట్ బొమ్మలు కాండానికి దగ్గరగా కట్టండి. కొమ్మని తడి ఇసక బకెట్‌లో గుచ్చి రోజూ ఓ చెంబు నీళ్లు పోస్తే వారం పది రోజులు పచ్చగా ఉంటుంది. 24 సాయంత్రం తెచ్చుకుంటే చాలు, నెల ముందు తేవద్దు. ఎండిన సరుగుడు చాలా తొందరగా అంటుకుంటుంది, దాని దగ్గర కొవ్వొత్తులు వద్దే వద్దు.

పండగయ్యాక దాచిపెడితే మళ్లీ ఏడాదికి పురుగులు కొట్టేస్తున్నాయి.
(ఇద్దరు ముగ్గురు అడిగారు, భవానీపురం నుంచి ఒకరు)

మైదా జిగురు వాడారా? బొద్దింకలకీ పుస్తకాల పురుగులకీ అది విందు భోజనం. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు మైదా ఉడికించేటప్పుడు అందుకే చిటికెడు మైలుతుత్తం వేసేవారు. అది విషం, పిల్లలు చేసే పనుల్లో మాత్రం వద్దు, వాళ్లకి ఫెవికాలే ఇవ్వండి. అట్టపెట్టెలో కాకుండా మూత గట్టిగా పట్టే డబ్బాలో, బాగా ఎండిన వేపాకు వేసి దాచండి. కలరా ఉండలు వేస్తే వెయ్యండి గానీ అదే డబ్బాలో థర్మోకోల్ బంతులు ఉంచకండి, ఆ ఆవిరికి థర్మోకోల్ మెత్తబడి బంకలా అయిపోతుంది. డబ్బా సర్దే ముందు అన్నిటినీ ఒక పూట ఎండలో పెట్టండి. రంగు కాగితాలు మాత్రం నీడలోనే, ఫ్యాను కింద.